పరదేశి పస్కా తినవచ్చా, తినకూడదా?

సందేహం: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే పని నాది. మొన్న నిర్గమకాండము 12వ అధ్యాయం చదువుతూ తడబడ్డాను. ఐగుప్తు దాస్యం నుంచి విడుదలను తలచుకునే పస్కా పండుగ భోజనం గురించి 45వ వచనం ‘పరదేశియు కూలికివచ్చిన దాసుడును దాని తినకూడదు’ అంటుంది. మూడు వచనాలు దాటగానే, 48లో, పరదేశి సున్నతి పొందితే పస్కా ఆచరించవచ్చనీ, ‘దేశములో పుట్టినవానితో సముడగును’ అనీ ఉంది. 49లో ‘దేశస్థునికిని మీలో నివసించు పరదేశికిని దీనిగూర్చి ఒకటే విధి’ అని తేల్చేశారు. ఇంతకీ పరదేశి తినవచ్చా, తినకూడదా? మా నాయనమ్మ ‘పరదేశిలా తిరుగుతావేంరా’ అని తిట్టేది. ఆమె లెక్కలో పరదేశి అంటే దిక్కులేనివాడు. ఆ అర్థం తప్పా? ‘స్వదేశి’ అని రాయాలా, ‘స్వదేశీ’ అనా? ‘ఒకటే విధి’ సరైనదా, ‘ఒకే విధి’ సరైనదా? హీబ్రూలో పరదేశిని ‘గేర్’ అంటారని విన్నాను. మన ‘గైర్ ముల్కీ’లో ఉన్న గైర్ అదేనా?

సమాధానం: మీరు తడబడవలసిన చోటే తడబడ్డారు. హీబ్రూ మూలంలో 43 నుంచి 49 వరకు ఉన్న ఆ ఏడు వచనాల్లో పరాయివాళ్ళు మూడు రకాలుగా కనిపిస్తారు. మన పాత అనువాదంలోకి వచ్చేసరికి ముగ్గురికీ రెండే మాటలు మిగిలాయి. చిక్కు అక్కడుంది.

43వ వచనంలో ‘అన్యుడెవడును దాని తినకూడదు’ అన్నచోట మూలంలో ఉన్నది ‘బెన్ నేఖార్’, అంటే పరాయి జాతికి పుట్టినవాడు. 45లో మీరు చదివిన పరదేశి ‘తోషావ్’. 48, 49 వచనాల్లోని పరదేశి ‘గేర్’. తినకూడని పరదేశి వేరు, తినదగిన పరదేశి వేరు. ఇద్దరికీ ఒకే చొక్కా తొడిగారు కాబట్టి మీకు ఒక్కడిలా కనిపించారు.

తోషావ్ అనే మాట ‘యాషవ్’ అనే ధాతువు నుంచి వచ్చింది. కూర్చోవడం, ఉండటం అని దాని అర్థం. కూలికి వచ్చినవాడి పక్కనే ఈ మాట పదేపదే కనిపిస్తుంది, మీరు చదివిన వచనంలోనూ అంతే. ఎవరి పంచనో బస చేసి, పని చూసుకుని వెళ్ళేవాడన్నమాట. గేర్ అలా కాదు. ‘గూర్’ అంటే వేరే చోటి నుంచి వచ్చి నివసించడం. గేర్ ఆ ఊళ్ళో ఉండిపోయినవాడు. గొడ్డూగోదా, పెళ్ళాంబిడ్డలూ అక్కడే. లేనిదల్లా భూమి. ఇశ్రాయేలు గోత్రాలకు పంచిన భూమిలో వాడికి వాటా లేదు. వాటా ఇవ్వమని చెప్పింది చాలాకాలం తర్వాత యెహెజ్కేలు. ఆయన గ్రంథం 47వ అధ్యాయం చివర, మీలో నివసించి పిల్లల్ని కన్న పరదేశులకు కూడా చీట్లు వేసి స్వాస్థ్యం పంచమని ఉంది.

ఇక దేశస్థుడు. హీబ్రూలో ‘ఎజ్రాహ్’. ఈ మాటకు అందమైన సాక్ష్యం 37వ కీర్తనలో ఉంది. భక్తిహీనుడు వర్ధిల్లడాన్ని చెబుతూ మన అనువాదకులు ‘అది మొలచిన చోటనే విస్తరించిన చెట్టువలె’ అని రాశారు. ఎజ్రాహ్‌కు ఇంతకంటే మంచి తెలుగు నేను చూడలేదు. నాటి పెంచింది కాదు, తెచ్చి పాతింది కాదు, మొలిచిన చోటే పెరిగిన చెట్టు. ఈ కీర్తనలో ఇంత చక్కగా పట్టుకున్నవాళ్ళు ధర్మశాస్త్రంలో, అంటే బైబిలు మొదటి ఐదు గ్రంథాల్లో మాత్రం ‘దేశస్థుడు’, ‘స్వదేశి’, ‘దేశములో పుట్టినవాడు’ అని చోటుకొక మాట వాడారు.

ఇప్పుడు పరదేశి సంగతి. పర, దేశ అనే రెండు సంస్కృత పదాలకు ‘ఇన్’ ప్రత్యయం చేరి వచ్చిన మాట. పరాయి దేశం కలవాడు. ఈ మాట చూపు వాడు వచ్చిన దారివైపు ఉంది. గేర్ చూపు వాడు ఇప్పుడు ఉంటున్న ఇంటివైపు ఉంది. ఒకే మనిషికి ముందువైపు నుంచి ఒక పేరు, వెనకవైపు నుంచి ఒక పేరు. అనువాదకులకు ఈ తేడా తెలియకపోలేదు. అందుకే ‘మీలో నివసించు’ అనే విశేషణాన్ని చాలాచోట్ల నిలిపారు. హీబ్రూలో అదొక శబ్దక్రీడ కూడా: ‘లగ్గేర్ హగ్గార్ బెతోఖెఖెమ్’. గేర్ అనే నామవాచకమూ, గార్ అనే క్రియా ఒకే ధాతువు బిడ్డలు. తెలుగులో ‘పరదేశి’కీ ‘నివసించు’కూ ఆ చుట్టరికం లేదు. ‘మీలోకి వలసవచ్చి వెలసినవాడు’ అంటే చెవికి కొంత దగ్గర అవుతుంది కానీ, వెలవడం మన దగ్గర దేవుళ్ళ పని. ఆరాధనలో చదివితే నవ్వుతారు.

నివాసాన్ని చెప్పే ఇంకో పదబంధం మాత్రం దారి తప్పింది. పది ఆజ్ఞల్లో విశ్రాంతిదినపు ఆజ్ఞ చూడండి: ‘నీ యిండ్లలోనున్న పరదేశియైనను’. మూలంలో ఇళ్ళు లేవు, ‘నీ గుమ్మాలలో ఉన్న గేర్’ అని ఉంది. ఆ గుమ్మాలు ఇంటివి కావు, ఊరి ప్రాకారానికి ఉన్న ద్వారాలు. ఆ ద్వారం దగ్గరే పెద్దలు కూర్చునేవారు, తగవులు తీర్చేవారు, క్రయవిక్రయాలకు సాక్ష్యం పలికేవారు. రూతు గ్రంథంలో బోయజు, విధవరాలైన మోయాబు స్త్రీ రూతును పెళ్ళాడే విషయం తేల్చుకున్నది అక్కడే. మన రచ్చబండ అనుకోండి. కాబట్టి ‘నీ గుమ్మాలలో ఉన్నవాడు’ అంటే నీ ఊరి తీర్పు చెల్లే మేరలో ఉన్నవాడు. ‘నీ యిండ్లలో’ అనేసరికి ఆ మనిషి ఊరి పౌరుడిలా కాక, ఇంట్లో పాలేరులా కనిపిస్తున్నాడు. పరదేశి అన్న మాటకంటే ఇక్కడ జరిగిన నష్టమే ఎక్కువని నా అభిప్రాయం.

మీ నాయనమ్మగారి దగ్గరకు వస్తాను. ఆమె తప్పు చెప్పలేదు. పరదేశి అంటే ఊరూ పేరూ లేక తిరిగేవాడు, బిచ్చమెత్తేవాడు అన్న అర్థం మనకూ ఉంది, తమిళులకూ ఉంది. అయితే ఆ మాట ఎప్పుడూ చిన్నచూపుతోనే పలికేది కాదు. విశాఖ, విజయనగరం వైపు పరదేశి అని మగవాళ్ళకు, పరదేశమ్మ అని ఆడవాళ్ళకు పేర్లు ఉన్నాయి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు వచ్చి కాపురం పెట్టి, తెలుగు నేర్చి, బైబిలు అనువాదానికి పూనుకున్నది ఆ విశాఖపట్నంలోనే. కొచ్చిలో మట్టాంచేరి వెళితే 1568లో కట్టిన పరదేశి సినగాగు ఉంది. అంతకుముందు నుంచీ మలబారులో ఉన్న యూదులు వేరు, ఐరోపా వైపు నుంచి తర్వాత వచ్చిన యూదులు వేరు. వెనక వచ్చినవాళ్ళకు పరదేశి యూదులని పేరు పడింది. పరదేశిని బాధించవద్దన్న గ్రంథాన్ని చుట్టలుగా చుట్టి దాచుకున్న గుడికే మనదేశంలో పరదేశి అన్న పేరు నిలిచింది.

దిక్కులేనివాడన్న అర్థం ధర్మశాస్త్రంలో కూడా గేర్‌కు నీడలా వెంట ఉంటుంది. ద్వితీయోపదేశకాండంలో ఆ మాట ఒంటరిగా రావడమే తక్కువ. పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు అని ముగ్గురూ కలిసి నడుస్తారు. 24వ అధ్యాయంలో ‘పరదేశికేగాని తండ్రిలేనివానికేగాని’ న్యాయం తప్పి తీర్పు తీర్చకూడదని ఉంది. 27వ అధ్యాయంలో అలా తీర్చినవాడికి శాపమే ఉంది. పొలం కోసేటప్పుడు పరిగె వదలవలసింది బీదలకూ పరదేశులకూ. ముగ్గురికీ లేనిది ఒకటే: ఊరి పెద్దల దగ్గర తన తరఫున నోరు విప్పే మగ చుట్టం. నిఘంటువులోని ‘విదేశీయుడు’ కంటే మీ నాయనమ్మ తిట్టే ఈ చోట అర్థానికి దగ్గర.

అనువాదకులు కూడా ఒకే దారిన పోలేదు. హెబ్రోనులో భార్యను పాతిపెట్టడానికి స్థలం అడుగుతూ అబ్రాహాము తనను తాను గేర్‌ననీ తోషావ్‌ననీ చెప్పుకుంటాడు. అక్కడ పరదేశి, పరవాసి అని రెండు మాటలు జాగ్రత్తగా వేరు చేశారు. 39వ కీర్తనలో అదే జంట వస్తే ‘నేను అతిథివంటివాడను’, ‘పరవాసినై’ అన్నారు. గేర్ అక్కడ అతిథి అయ్యాడు! నిర్గమకాండంలో కూడా ఇలాగే 45వ వచనంలో ‘పరవాసి’ అని వేసి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసి ఉండేవారు కాదు. ఇంకోవైపు, రూతు బోయజు ముందు సాగిలపడి ‘పరదేశినైన నాయందు’ అన్నప్పుడు మూలంలో ఉన్నది గేర్ కాదు, తోషావ్ కాదు. ‘నొఖ్రియ్యా’, పూర్తిగా పరాయిది. పరిగె ఏరుకునే హక్కు గేర్‌కు ఉందని తెలిసిన ఊళ్ళో ఆమె ఆ మాట కూడా తనకు వాడుకోలేదు. ఆ వినయం తెలుగులో కనబడదు.

పనిలో పని, ‘పరదేశిని’ అన్న రూపాన్ని గమనించండి. ‘పరదేశిని బాధింపకూడదు’లో ‘ని’ ద్వితీయా విభక్తి. ‘నేను పరదేశిని’లో అది ఉత్తమపురుష ప్రత్యయం, ‘నేను మనిషిని’ అన్నట్టు. సంస్కృతం పద్ధతిలో చూస్తే పరదేశిని అంటే పరదేశపు స్త్రీ. రూతు నోట ఉన్నది రెండోది. మూడోది అనుకున్నా అక్కడ నష్టం లేదు.

అసలు మీ ప్రశ్నకు మూలమైన మాట ‘ఒకటే విధి’. ఈ నియమం ధర్మశాస్త్రంలో చాలాసార్లు వస్తుంది. సంఖ్యాకాండము 15లో ‘ఒకటే కట్టడ’, ‘ఒకటే యేర్పాటు, ఒకటే న్యాయవిధి’ అని వరసగా ఉంటుంది. హీబ్రూలో ఇవి హుక్కా, తోరా, మిష్పాట్. మూడింటికీ మూడు తెలుగు మాటలు దొరికాయి. అందులో ‘కట్టడ’ను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కట్టు అనే ధాతువు నుంచి వచ్చిన అచ్చతెలుగు మాట, కట్టుబాటు, కట్టడి దాని తోబుట్టువులు. ఇప్పటి పిల్లలు ‘నిత్యమైన కట్టడ’ అని వింటే పాడుబడని భవనం అనుకుంటారు. అర్థం చెప్పి చదివించండి, మాట మాత్రం మార్చకండి.

సమానత్వాన్ని మోసేది ఏది? చాలామంది ‘ఒకటే’ అంటారు. నేను ‘కిని’ అంటాను. ‘దేశస్థునికిని పరదేశికిని’: షష్ఠీ విభక్తి ‘కి’కి ‘కూడా’ అని కలిపే ‘ని’ (సముచ్చయం) చేరి, ఇద్దరూ ఒకే వరసలో నిలబడ్డారు. తెలుగు వాక్యంలో ఇద్దరిని సమం చేయడానికి ఇంతకంటే నిష్పక్షపాతమైన నిర్మాణం లేదు. ముందు ఎవరిని చెప్పినా అర్థం మారదు. దీన్ని లేవీయకాండము 19:34తో పోల్చండి: ‘మీ మధ్య నివసించు పరదేశిని మీలో పుట్టినవానివలె ఎంచవలెను’. ఇక్కడ ‘వలె’ వచ్చింది. ఉపమానం వచ్చిందంటే ఒకడు కొలబద్ద, ఇంకొకడు కొలవబడేవాడు. కొలబద్ద స్వదేశి, వాడి ఎత్తుకు పరదేశిని లేపాలి. ఇదే గ్రంథంలో 24:22 చూస్తే తిరగబడి ఉంటుంది: ‘మీలోనున్న పరదేశికి మీరు చేసినట్టు మీ స్వదేశికిని చేయవలెను’. కొలబద్ద పరదేశి అయ్యాడు. హీబ్రూలో అక్కడ ‘కగ్గేర్ కఎజ్రాహ్’ అని రెండు మాటలకూ ‘వంటి’ అర్థమిచ్చే ‘క’ చేరింది. ఇతడెలాగో అతడూ అలాగే అని జాతీయం. తెలుగులో ‘చేసినట్టు’ అనేసరికి తూకం ఒకవైపు ఒరిగింది. కానీ ఆ ఒరుగు నాకు ఇష్టమే. మీ ఊళ్ళో దిక్కులేని పరదేశికి ఎలా తీర్పు చెబుతావో చెప్పు, మీ అబ్బాయికి కూడా అలాగే చెప్పు అన్నట్టుంది.

ఆ వచనం పుట్టిన సందర్భం కూడా ఊరికే వచ్చింది కాదు. ఇశ్రాయేలీయుల పాళెంలో ఇద్దరు పోట్లాడుకున్నారు. వారిలో ఒకడి తల్లి షెలోమీతు, దాను గోత్రికురాలు. తండ్రి ఐగుప్తీయుడు. పోట్లాటలో వాడు దేవుని నామాన్ని దూషించాడు. వీడు మనవాడా, పరాయివాడా? ఏ శిక్ష? వాణ్ణి కావలిలో పెట్టి అడిగారు. జవాబుగా వచ్చింది ‘పరదేశియేగాని స్వదేశియేగాని’ అన్న కట్టడ. సగం ఇటు, సగం అటు అయిన మనిషి వల్లే ఇద్దరికీ ఒకే చట్టం ఉండాలన్న మాట స్పష్టంగా బయటికి వచ్చింది. ఆ చట్టం ఆ రోజు వాడి ప్రాణం తీసిందన్నదీ మరవకూడదు. సమానత్వం అంటే రక్షణలో సమానమే అనుకుంటాం, శిక్షలో సమానం కావడం కూడా అందులో భాగమే. రక్షణ వైపు చూస్తే, పొరపాటున మనిషిని చంపినవాడు పారిపోయి తలదాచుకోవడానికి ఏర్పాటు చేసిన ఆరు ఆశ్రయపురాలు ఇశ్రాయేలీయులకూ పరదేశులకూ కలిపే.

అన్ని విషయాల్లోనూ సమానమేనా అంటే కాదు. ద్వితీయోపదేశకాండము 14:21 ప్రకారం తనంత తాను చచ్చిన జంతువును ఇశ్రాయేలీయుడు తినకూడదు, పరదేశికి ఇవ్వవచ్చు, ‘అన్యునికి’ (మూలంలో ‘నొఖ్రీ’, పూర్తిగా పరాయివాడు) అమ్మవచ్చు. పరదేశికి ఊరికే ఇవ్వడం, అన్యుడికి అమ్మడం. ఆ తేడాలో గేర్‌కూ నొఖ్రీకీ మధ్య ఉన్న దూరమంతా ఉంది. లేవీయకాండము 17లో మాత్రం చచ్చినదాన్ని తిన్న స్వదేశీ పరదేశీ ఇద్దరూ బట్టలు ఉతుక్కుని స్నానం చేయాలి. రెండూ ఒక్క తీరుగా లేవు. అప్పుమీద వడ్డీ అన్యుడి దగ్గర తీసుకోవచ్చు, సహోదరుడి దగ్గర తీసుకోకూడదు. ఈ అన్యుడు సరకు వేసుకుని వచ్చి పోయే పరాయి దేశస్థుడు, ఊళ్ళో ఉండిపోయినవాడు కాడు. ‘పరాయివాళ్ళ దగ్గర వడ్డీ తీసుకోవచ్చని బైబిల్లో ఉంది’ అనేవాళ్ళు ఏ పరాయివాడో చూసి మాట్లాడాలి.

గ్రీకులో కూడా ఒక ముచ్చట ఉంది. పాత నిబంధనను గ్రీకులోకి దించినవాళ్ళు గేర్‌ను ఎక్కువచోట్ల ‘ప్రోసెలుటోస్’ అన్నారు, దగ్గరకు వచ్చినవాడు అని. అపొస్తలుల కార్యములు 2లో అదే మాట వస్తే మనవాళ్ళు ‘యూదమతప్రవిష్టులు’ అన్నారు. కాలం గడిచేకొద్దీ ఇల్లు మారినవాడు మతం మారినవాడయ్యాడు. నేటి హీబ్రూలో గేర్ అంటే యూదమతం పుచ్చుకున్నవాడే. ఎజ్రాహ్ అంటే పౌరుడు. మొలిచిన చోటి చెట్టు ఇప్పుడు గుర్తింపు కార్డు పట్టుకు తిరుగుతోంది.

మీ చిన్న ప్రశ్నలు త్వరగా. స్వదేశి, పరదేశి అన్నవి యోగి, ధని, పక్షి లాగా ‘ఇన్’ అంతమందు కలవి. తెలుగులో మనిషిని చెప్పేటప్పుడు హ్రస్వమే సరి. ‘స్వదేశీ వస్తువులు’, ‘స్వదేశీ ఉద్యమం’ అని దీర్ఘంతో వాడేది ఉత్తరాది నుంచి వచ్చిన విశేషణం. 1905 బెంగాల్ విభజన తర్వాత, 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో ఉపన్యాసాలిచ్చిన రోజుల్లో, మన నోళ్ళలో స్థిరపడింది. బైబిల్లోది స్వదేశి, ఖద్దరుది స్వదేశీ.

‘ఒకటే’, ‘ఒకే’: నేటి వాడుకలో నామవాచకం ముందు ‘ఒకే’ రావాలి, వాక్యం చివర ‘ఒకటే’. ఒకే చట్టం, ఇద్దరికీ చట్టం ఒకటే. నామవాచకం ముందు ‘ఒకటే’ పెడితే ఎడతెరిపి లేని అనే అర్థం వస్తుంది: ఒకటే వాన, ఒకటే నవ్వు. పాత అనువాదంలో ‘ఒకటే విధి’ తప్పు కాదు, ఆనాటి శైలి. మీరు మార్చి చదవక్కర్లేదు, కొత్తగా రాస్తే మాత్రం ‘ఒకే విధి’ అనండి.

గైర్ అరబీ మాట. ‘ఇతరమైన, కాని’ అని అర్థం. గైరుహాజరులో ఉన్నది అదే. నిజాం రాష్ట్రంలో ముల్కీ అంటే ఆ దేశంవాడు, గైర్ ముల్కీ అంటే కానివాడు. హీబ్రూ గేర్‌కు దానితో ఏ బంధుత్వమూ లేదు. అరబీలో గేర్‌కు అసలు చుట్టం ‘జార్’. జార్ అంటే పొరుగువాడు, మన అండన ఉన్నవాడు. గైర్ గీత గీసి అవతల నిలబెడుతుంది, జార్ గోడ పక్కన ఉంటుంది.

ఇంతకీ గేర్‌కు మంచి తెలుగు ఏది? దస్తావేజుల్లో ‘ఫలానా గ్రామ కాపురస్థుడు’ అని రాస్తారు. వాడు ఎక్కడ పుట్టాడన్నది దానికి అక్కర్లేదు, ఎక్కడ ఉంటున్నాడన్నదే. నివాసం వరకు గేర్‌కు సరిగ్గా సరిపోతుంది. కానీ మీ నాయనమ్మ చెప్పిన దిక్కులేనితనం అందులో లేదు. ఆస్తి ఉన్నవాడే దస్తావేజు రాయించుకుంటాడు కదా. రెండూ కలిసిన మాట ఒకటుంది, పుస్తకాల్లో కాదు, వీధిలో: ‘బతకవచ్చినవాడు’. వచ్చాడు, ఉంటున్నాడు, భూమి లేదు, అడిగే దిక్కు లేదు. ఈ మాటలో ఎకసెక్కం కూడా ఉంది, అందుకే పెద్దమనుషులు రాతలో వాడరు. ‘ఇక్కడ పుట్టినవాడికీ, ఇక్కడికి బతకవచ్చినవాడికీ ఒకే చట్టం’ అని ఒకసారి పైకి చదివి చూడండి. విన్నవాళ్ళలో ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు. మాటలోని ఆ మొరటుతనాన్ని ధర్మశాస్త్రం కూడా దాచలేదు, ‘ఐగుప్తుదేశములో మీరు పరదేశులై యుంటిరి’ అని గుర్తుచేస్తూనే ఉంటుంది. ఆదికాండము 47లో యాకోబు కొడుకులు ఫరో ముందు నిలబడి చెప్పినదీ అదే: కనానులో కరవు, మందలకు మేత లేదు, ఈ దేశంలో ఉండటానికి వచ్చాం. ఆ ‘ఉండటానికి’ అన్నచోట హీబ్రూలో ఉన్నది గూర్ ధాతువే.